కొనే ముందు లోపలివైపు తిప్పి చూడండి: కర్నూలు, అనంతపురం, కడపలో బాధ్యతగా బట్టలు తీసుకునే పద్ధతి

ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలించుకుని బేళ్లుగా బిగుసుకుంటుంది. అక్కడి నుంచి అది ఏ మిల్లులో నూలైంది, ఏ ఊళ్లో రంగు వేసుకుంది, ఏ షెడ్డులో చొక్కా అయింది? చివరికి 399 రూపాయల చీటీతో కర్నూలు షాపు హ్యాంగరు మీదికి ఎలా చేరింది? అమ్మేవాళ్లలో చాలామంది దగ్గర ఈ జవాబు ఉండదు. ఆ జవాబు ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడమే బాధ్యతగా కొనడంలో అసలు పని. మిగతావన్నీ, అంటే గుడ్డ పరీక్ష, కుట్టు పరీక్ష, ముద్రలు, ఆ పనికి సాయం చేసేవే.

ఈ మూడు ఊళ్లవాళ్లకు ఒక వీలుంది. పత్తి ఆదోనిలో, నూలు మగ్గాలు ఎమ్మిగనూరులో, పట్టు మగ్గాలు ధర్మవరంలో, జీన్స్ కుట్టేవాళ్లు రాయదుర్గంలో ఉన్నారు. అన్నీ ఆర్టీసీ బస్సు పోయే దూరమే. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్నవాళ్లు వెబ్‌సైట్లలో వెతుక్కునే సంగతులను మనం వెళ్లి కళ్లతో చూడవచ్చు.

మొదటి అడుగు: బీరువా ఖాళీ చేయండి

దుకాణానికి వెళ్లే ముందు ఒక ఆదివారం పూట రెండు గంటలు దీనికి కేటాయించండి. ఒకరి బట్టలన్నీ మంచం మీద పరిచి మూడు కుప్పలు చేయండి: నెలకు ఒక్కసారైనా వేసుకునేవి, బాగుచేస్తే వేసుకునేవి, ఏడాదిగా ముట్టనివి. రెండో కుప్పే ముఖ్యం. గుండీ ఊడింది, జిప్పు పోయింది, నడుము బిగుతైంది అని పక్కన పెట్టినవే అందులో ఎక్కువగా ఉంటాయి. ఆ కుప్పను అదే వారం టైలరు దగ్గరికి చేర్చండి. చాలా ఇళ్లలో అప్పటికే రెండు మూడు జతలు కొనే అవసరం తీరిపోతుంది.

మూడో కుప్ప ఎందుకు మూలన పడిందో ఒక్కో బట్టకు ఒక్క మాటలో రాయండి. గుచ్చుకుంటుంది, పారదర్శకంగా ఉంది, చెమట పీల్చదు, జతకు ఏదీ లేదు, తొందరపడి ఆషాఢం సేల్‌లో తెచ్చాం. మీ ఇంటి తప్పులు ఏవో ఆ చీటీయే చెబుతుంది. తర్వాతి కొనుగోలుకు దాన్ని వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో ఉన్న పాలియెస్టర్ బట్టలను ‘మంచివి కావు’ అని పారేసి కొత్త కాటన్ కొనకండి. తయారైపోయిన బట్ట వల్ల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. దాన్ని చిరిగేదాకా వాడితేనే ఆ నష్టానికి కాస్త ఫలితం దక్కుతుంది.

కొనాల్సినవి తేలాక ఒక్కోదానికి తొడుగు లెక్క వేయండి. ధరను ఎన్నిసార్లు వేసుకుంటామో ఆ సంఖ్యతో భాగించాలి. 399 రూపాయల చొక్కా 15 తొడుగులకే కాలరు చిట్లి రంగు వెలిస్తే తొడుగుకు 26 రూపాయల పైన పడినట్టు. 1,200 రూపాయల చొక్కా 100 సార్లు వేసుకుంటే 12 రూపాయలే. పెళ్లిపట్టు చీరకు ఈ లెక్క సరిపోదు. దాన్ని తల్లి కట్టి, కూతురు కట్టి, ఆ తర్వాత కోడలు కట్టే లెక్కతో చూడాలి.

రెండో అడుగు: గుడ్డ ఏమిటో తెలుసుకోండి

మెడ దగ్గరో పక్క కుట్టులోనో ఉండే చీటీలో పీచుల శాతం చూడండి. ‘కాటన్ ఫీల్’, ‘కాటన్ రిచ్’, ‘సిల్కీ’, ‘ఆర్ట్ సిల్క్’ వంటి మాటలు పీచు పేర్లు కావు. ఆర్ట్ సిల్క్ అంటే పట్టు కాదు, కృత్రిమ దారం.

కర్నూలు ఎండకు చర్మానికి హాయి నూలే. కానీ నూలుకూ ఖరీదు ఉంది. వాన నీటిని కలిపి లెక్కిస్తే ప్రపంచ సగటున కిలో నూలు గుడ్డకు దాదాపు 10,000 లీటర్ల నీళ్లు పడతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురంలో ఉన్నవాళ్లకు ఆ నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. అందుకే కాటన్ అయినంత మాత్రాన పాపం లేని బట్ట అనుకోకండి. ఎన్నేళ్లు వాడతామన్నదే తేల్చుతుంది.

పాలియెస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది. ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేసిన రీసైకిల్డ్ పాలియెస్టర్ కొత్తదానికంటే మేలే గానీ, పోగులు వదలడం మాత్రం ఆగదు. విస్కోస్, రేయాన్ చెక్క గుజ్జు నుంచి తీసినవి. మెత్తగా జారుతూ ఉంటాయి, తయారీలో విష రసాయనం కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు. ‘వెదురు బట్ట’ అని అమ్మేదీ చాలావరకు విస్కోసే. లయోసెల్ కూడా చెక్క నుంచే వస్తుంది గానీ, అందులో వాడే ద్రావణిని దాదాపు పూర్తిగా తిరిగి పట్టి వాడుకుంటారు. కాబట్టి ఆ రెంటిలో ఇది నయం. ‘వీగన్ లెదర్’ (జంతువుల తోలు కానిది) అనే చీటీ ఉన్న బెల్టు చాలాసార్లు ప్లాస్టిక్ పూతే.

చీటీ మీద నమ్మకం లేకపోతే ఇంట్లో కాల్చి చూడవచ్చు. కుట్టు లోపల మిగిలిన అంచు నుంచి పడుగు (నిలువు) పోగులు ఐదారు, పేక (అడ్డ) పోగులు ఐదారు విడివిడిగా లాగండి. రెండింటినీ కలపకండి. పడుగు పట్టు, పేక కృత్రిమం అయిన చీరలు ఉంటాయి, కలిపి కాలిస్తే మోసం దొరకదు. పోగుల కట్టను పటకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టి, అగ్గిపుల్ల మంట పక్కకు తీసుకురండి.

నూలు కాగితంలా అంటుకుని మండుతుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పట్టు నెమ్మదిగా కాలుతుంది, మంట తీయగానే ఆరుతుంది, వెంట్రుక కాలిన కంపు వస్తుంది, నల్లటి ముద్ద నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ మంటను చూసి ముడుచుకుని కరిగి కారుతుంది. చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది, నలగదు. కాగితం వాసనతో పాటు చివర గట్టి పూస కూడా మిగిలితే అది నూలూ పాలియెస్టరూ కలిసిన గుడ్డ.

విస్కోస్ కూడా నూలులాగే కాలుతుంది, ఈ పరీక్షలో తేడా కనిపించదు. దానికి ఒక పోగును మధ్యలో తడిపి లాగండి. విస్కోస్ తడిచోటే పుటుక్కున తెగుతుంది. నూలు తడిస్తే బలం పెరుగుతుంది కాబట్టి తొందరగా తెగదు. ఉతికే రాయి మీద రేయాన్ కుర్తాలు ఎందుకు త్వరగా చిరుగుతాయో కూడా దీనితో అర్థమవుతుంది.

మూడో అడుగు: షాపులో ఐదు నిమిషాల పరీక్ష

బట్టను పైనుంచి కాదు, లోపలివైపు తిప్పి చూడండి. పైన అందరూ బాగానే కుడతారు. పక్క కుట్టు మీద బొటనవేలు ఆనించండి. వేలి పై కణుపు సుమారు అంగుళం ఉంటుంది. ఆ మేరకు కుట్లు లెక్కపెట్టండి. చొక్కాకు 10 నుంచి 12 వరకైనా ఉండాలి. ఆరో ఏడో ఉంటే ఖర్చు తగ్గించుకోవడానికి మిషను పరుగెత్తించారని అర్థం. ఇప్పుడు కుట్టుకు రెండు పక్కలా పట్టుకుని మెల్లగా విడదీయండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే నాలుగు నెలల్లో అక్కడే పిగులుతుంది.

కుట్టు లోపల ఎంత గుడ్డ మిగిల్చారో చూడండి. పావు అంగుళమే ఉంటే తర్వాత వదులు చేయించలేరు. అర అంగుళం మించి ఉంటే మనిషి కాస్త ఒళ్లు చేసినా బట్ట పనికొస్తుంది. పిల్లల గౌన్లకు, ప్యాంట్లకు కింద మడతలో 2 అంగుళాలు ఉంటే రెండేళ్లు అదనంగా లాగించవచ్చు.

టీషర్టును మడతల వెంట పరిచి రెండు పక్క కుట్లు నిటారుగా దిగుతున్నాయో లేదో గమనించండి. ఇప్పటికే ఒకటి ముందుకు తిరిగి ఉంటే ఉతికాక ఇంకా మెలి తిరుగుతుంది. బరువు చీటీలో ఉంటే చదరపు మీటరుకు 180 గ్రాముల దరిదాపుల్లో ఉన్నది తీసుకోండి. 130, 140 గ్రాములది చెయ్యి అడ్డం పెడితే కనిపిస్తుంది.

రంగు సంగతి తేల్చుకోవడానికి తెల్ల చేతిరుమాలు కొన తడిపి, లోపలి కుట్టు మీద పదిసార్లు రుద్దండి. లేత మరక సహజం. ముదురుగా అంటితే అది మీ ఇంట్లో మిగతా బట్టల్నీ పాడుచేస్తుంది. ‘ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుంది’ అని దుకాణంలో చెబుతారు. అద్దకంలో పట్టుకోని రంగును తర్వాత ఉప్పు పట్టించలేదు. చల్లటి నీళ్లలో విడిగా రెండు మూడుసార్లు జాడిస్తే అదనపు రంగు పోతుంది, అంతే.

నాలుగో అడుగు: ముద్రలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. ప్రతి ముద్రా ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. దాన్ని అన్ని ప్రశ్నలకూ జవాబనుకోవడం పొరపాటు.

సిల్క్ మార్క్ 2004లో వచ్చింది. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో నడుస్తుంది. ఆ ముద్ర ఉంటే గుడ్డ నిజమైన పట్టు. చేమగ్గం మీద నేశారా, కరెంటుతో నడిచే పవర్‌లూమ్ మీదా అనేది అది చెప్పదు. హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లో మొదలైంది. అది చేత్తో నేశారని చెబుతుంది, లోపల ఉన్నది పట్టా కాదా అని కాదు. అందుకే ‘చేనేత పట్టు చీర’ అని ధర చెప్పినప్పుడు రెండు ముద్రలూ అడగండి. ఒకటే చూపించి రెండింటి ధర తీసుకునేవాళ్లు ఉన్నారు. 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవం రోజు ప్రారంభించిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ చేనేతతో పాటు నాణ్యతను కూడా చూస్తుంది. ఖాదీ మార్క్‌కు నూలు కూడా చేత్తో వడికినదై ఉండాలి. మామూలు చేనేతకు మిల్లు నూలు వాడతారు, అది తప్పు కాదు, రెండూ వేరు వేరని తెలిస్తే చాలు.

ధర్మవరం పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. అయినా దుకాణంలో ధర్మవరం పేరు చెప్పినంత మాత్రాన ఆ చీర ధర్మవరం మగ్గం మీదిది కాదు. 1985లో చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద 11 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించారు, చీరలు అందులో ఉన్నాయి. అయినా పవర్‌లూమ్ నకళ్లు చేనేత పేరుతో బజారుకు వస్తూనే ఉన్నాయి. ఆ నకలు వల్ల మగ్గం మీద కూర్చున్న మనిషి కూలి పడిపోతుంది. అందుకే ఈ ఒక్కచోట మొహమాటం లేకుండా అడగాలి.

చీరను వెలుతురులోకి తీసుకెళ్లి రెండు అంచుల చివర చూడండి. నేసేటప్పుడు గుడ్డ లోపలికి ముడుచుకోకుండా నేతగాడు అడ్డంగా సూదులున్న కర్ర బిగిస్తాడు, నేసేకొద్దీ దాన్ని జరుపుతాడు. ఆ సూదులు గుచ్చిన సన్నటి రంధ్రాలు అక్కడక్కడ గుంపులుగా కనిపిస్తాయి. పవర్‌లూమ్ గుడ్డ అంచున గుర్తులు ఒకే గీతలా ఎడతెగకుండా సాగుతాయి. చేనేతలో పేక సాంద్రత అక్కడక్కడ ఒక పిసరు మారుతుంది. నేత పని ఒక రోజు ఆగి మరుసటి రోజు మొదలైన చోట సన్నటి గీత కూడా పడవచ్చు. దాన్ని లోపమని చెప్పి ధర తగ్గించమని అడగకండి, అది మనిషి చేతి గుర్తు. పాతిక మీటర్లు చూసినా ఒక్క పోగు తేడా లేకుండా అచ్చుగుద్దినట్టున్న ‘చేనేత’ను అనుమానించండి.

జరీని కూడా వదలకండి. అసలు జరీలో పట్టు పోగుకు వెండి తీగ చుట్టి పైన బంగారు పూత పూస్తారు. ‘టెస్టెడ్’ జరీలో వెండి బదులు రాగి ఉంటుంది. చవకదానిలో లోహపు మెరుపు వేసిన ప్లాస్టిక్ ఉంటుంది. కొంగు చివర వేలాడే ఒక పోగును గోటితో గీకండి. అసలు జరీలో లోపల ఎక్కువగా ఎర్రటి పట్టు పోగు కనిపిస్తుంది. తెల్ల దారం కనిపించినా, తీగ పొరలా ఊడి వచ్చినా ధర మాట మార్చండి. టెస్టెడ్ జరీ కొనడం తప్పు కాదు. టెస్టెడ్ కొని అసలు జరీ ధర కట్టడమే నష్టం.

ఇక రెడీమేడ్ బట్టల ముద్రలు. సేంద్రియ వస్త్రాలకు ఇచ్చే అంతర్జాతీయ ముద్ర గాట్స్ (GOTS)లో రెండు అంతస్తులున్నాయి. ‘ఆర్గానిక్’ అని ఉంటే 95 శాతం, ‘ఆర్గానిక్‌తో చేసిన’ అని ఉంటే 70 శాతం సేంద్రియ పీచు ఉండాలి. రంగులు, మురుగు నీళ్లు, కార్మికుల పరిస్థితి కూడా అందులో చూస్తారు. చీటీ మీద ధ్రువీకరణ సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును గాట్స్ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతికితే కంపెనీ పేరు కనిపించాలి. బొమ్మ ఉండి నంబరు లేకపోతే అది బొమ్మే.

ఒయెకో-టెక్స్ 100 ముద్ర తయారైన గుడ్డలో హానికర రసాయనాలు హద్దులోపల ఉన్నాయని చెబుతుంది. మూడేళ్లలోపు పిల్లల బట్టలకు అన్నిటికంటే కఠినమైన తరగతి ఉంది, పసిపిల్లలకు కొనేటప్పుడు అడగదగింది. పత్తి సేంద్రియమా, కుట్టినవాళ్లకు కూలి సరిగా ఇచ్చారా అనేవి అది పట్టించుకోదు. పత్తి సాగును మెరుగుపరిచే కార్యక్రమమైన బెటర్ కాటన్ పాత పద్ధతిలో కంపెనీ కొన్న పత్తి లెక్క మాత్రమే చూసేవారు. ఆ పద్ధతిలో ముద్ర పడిన చొక్కాలో ఆ పత్తే ఉందని కచ్చితంగా అనలేం. రీసైకిల్ ప్రమాణమైన జీఆర్ఎస్ ముద్రను వస్తువు మీద వేయాలంటే కనీసం 50 శాతం తిరిగి వాడిన పదార్థం ఉండాలి. ఫెయిర్‌ట్రేడ్ ముఖ్యంగా రైతుకు దక్కే ధర గురించి.

‘ఎకో’, ‘గ్రీన్’, ‘కాన్షియస్’ అనే మాటలకు ముద్ర విలువ లేదు. ఆధారం చూపకుండా అలాంటి మాటలతో ప్రకటనలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. చీటీ, బిల్లు, ప్రకటన ఫోటో తీసిపెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. చేనేత పేరుతో మోసపోయినా అదే నంబరు. బిల్లు మీద ‘చేనేత పట్టు’, ‘ప్యూర్ కాటన్’ అని రాయించుకోవడం మరవకండి. ‘చీర 1’ అని మాత్రమే ఉన్న బిల్లుతో ఫిర్యాదు నిలబడదు.

ఐదో అడుగు: బ్రాండును అడగండి

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సవార్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా బట్టలు కుట్టే కార్మికులు చనిపోయారు. శిథిలాల్లో చీటీలు దొరికేదాకా తమ బట్టలు అక్కడ కుడుతున్నారని కొన్ని కంపెనీలకే స్పష్టంగా తెలియలేదు. ‘ఎక్కడ కుట్టారు?’ అనే ప్రశ్నకు అంత బరువుంది.

బ్రాండు వెబ్‌సైట్‌లో ఫ్యాక్టరీల జాబితా కోసం చూడండి. పేరు, ఊరు, వీలైతే కార్మికుల సంఖ్య ఉండాలి. లేకపోతే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఇలా రాయండి:

‘ఈ కుర్తా గుడ్డ ఏ ఊళ్లో నేశారు? చేనేతా, పవర్‌లూమా? రంగు ఎక్కడ వేశారు, అద్దకం నీళ్లను ఏం చేస్తారు? కుట్టిన యూనిట్ ఏ ఊళ్లో ఉంది? కుట్టినవాళ్లకు నెల జీతమా, పీసు లెక్కా? కుట్టు ఊడితే బాగుచేసి ఇస్తారా?’

వారం ఆగండి. మంచి జవాబులో ఊళ్ల పేర్లుంటాయి, తెలియనిది తెలియదనే నిజాయితీ కూడా ఉంటుంది. ‘గుడ్డ ఫలానా ఊళ్లోది, నూలు మిల్లు వివరం మా దగ్గర లేదు’ అన్నవాళ్లను నమ్మవచ్చు. ‘మేము ప్రకృతిని ప్రేమిస్తాం’ అని పూలబొమ్మ పంపినవాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. వారానికో కొత్త కలెక్షన్ దించే బ్రాండు ఎన్ని ఆకుపచ్చ చీటీలు కట్టినా దాని వ్యాపారం ఎక్కువ అమ్మడం మీదే నిలబడి ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే మన దగ్గరే. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం 1938 నుంచి ఉంది, దాన్ని మాచాని సోమప్ప స్థాపించారు. 1976లో ఏర్పడిన ఆప్కో రాష్ట్రంలోని చేనేత సహకార సంఘాల సరుకు అమ్ముతుంది. తమిళనాడు చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్ 1935 నాటిది. ఆన్‌లైన్‌లో చూస్తే గోవా కేంద్రంగా సేంద్రియ ఫెయిర్‌ట్రేడ్ పత్తితో చేసే నో నేస్టీస్, ఫ్యాక్టరీల్లో మిగిలిన గుడ్డలతో కుట్టే డూడ్లేజ్, దూదిని బేళ్లుగా గట్టిగా బిగించకుండా నేరుగా నూలు తీసే ప్రయత్నంగా మొదలైన మల్ఖా ఉన్నాయి. పేర్లు చెప్పాం గనక పరీక్ష మానకండి. వాళ్లకూ పై ప్రశ్నలే వేయండి, జవాబు మారితే మీ అభిప్రాయం మార్చుకోండి.

ధర్మవరంలో మగ్గం దగ్గరికే వెళ్లి కొనగలిగితే ఇంకో ప్రశ్న ఉంది: ‘ఈ చీరకు నేసినవాళ్లకు కూలి ఎంత ముట్టింది?’ అక్కడ చాలామంది మాస్టర్ వీవర్ ఇచ్చిన పట్టు, జరీతో కూలికి నేస్తారు. నేసిన మనిషినే అడిగి తెలుసుకుని, చీర ధరలో అది ఎన్నో వంతో చూడండి. మగ్గం దగ్గర బేరం గట్టిగా ఆడితే తగ్గేది చాలాసార్లు ఆ కూలే.

ఆరో అడుగు: గుడ్డ కొని కుట్టించుకోండి

రెడీమేడ్ కంటే గుడ్డ కొని ఇంటి దగ్గర టైలరుకు ఇవ్వడం చాలా సందర్భాల్లో మేలు. కొలత మనదే, కుట్టినవాళ్లు తెలుసు, పాడైతే మళ్లీ అక్కడికే. గుడ్డ ఎంత కావాలో పన్నా (గుడ్డ వెడల్పు) మీద ఆధారపడుతుంది. 58 అంగుళాల పన్నాకు పెద్దవాళ్ల ఫుల్ చేతుల చొక్కాకు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.3 మీటర్లు చాలు. చేనేత గుడ్డ తరచూ 36 అంగుళాలదే వస్తుంది, అప్పుడు చొక్కాకు రెండున్నర మీటర్లు చూసుకోండి. లావుపాటివాళ్లకు, గళ్ల గుడ్డకు ఇంకో పావు మీటరు కలపండి. గళ్లు కలవాలంటే గుడ్డ వృథా అవుతుంది.

నూలు గుడ్డను కుట్టించే ముందు తప్పకుండా తడపాలి. దీన్ని దాటేయడం వల్లే ‘చేనేత కుంచించుకుపోతుంది’ అన్న చెడ్డపేరు వచ్చింది. రాత్రి చల్లటి నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండకుండా నీడన ఆరవేసి, కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. ఎంత కుంచించుకుందో తెలియాలంటే ముందే గుడ్డ మీద 50 సెంటీమీటర్ల దూరంలో రెండు దారపు గుర్తులు కుట్టండి. ఆరాక 48.5 వస్తే 3 శాతం, 47.5 వస్తే 5 శాతం కుంచించుకున్నట్టు. అంత తగ్గినా కుట్టించే బట్టకు సరిపోయేలా మీటరుకు 6 సెంటీమీటర్ల చొప్పున ఎక్కువ కొనండి.

జాకెట్టు లైనింగు, చీర ఫాల్ కూడా ముందు తడపాలి. జాకెట్టు పట్టుది, లైనింగు తడపని కాటన్ అయితే మొదటి ఉతుకులోనే లోపల ముడుచుకుని పైన గుబ్బలు పడుతుంది. ఫాల్ కుంచించుకుంటే చీర కింది అంచు అంతా అలల్లా లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా దిగదు. టైలరుకు చెప్పి ఊరుకోకుండా ఈ రెండూ మీరే తడిపి ఇవ్వండి.

జాకెట్టు పక్కల్లో ఒక్కో అంగుళం లోపల వదలమనండి. మిగిలిన ముక్కలు తిరిగి తీసుకోండి, రేపు చేతి కింద చిరిగితే అదే రంగు అతుకు అవసరమవుతుంది. కాలరు మడత అరిగిన చొక్కాకు కాలరు విప్పి తిప్పి కుట్టమంటే పాత టైలర్లు చక్కగా కుడతారు. ఆ పని తెలిసినవాళ్లను పోగొట్టుకోకండి.

జీన్స్ సంగతి వేరు

రాయదుర్గం, సరిహద్దు అవతల బళ్లారి జీన్స్ కుట్టుకు పేరున్న ఊళ్లు. జీన్స్‌లో కుట్టు కంటే ఉతుకు దగ్గరే నష్టం ఎక్కువ. వెలిసినట్టు, అరిగినట్టు కనిపించడానికి రాళ్లతో ఉతుకుతారు, రంగు తీసే పర్మాంగనేట్ రసాయనం చల్లుతారు, నీళ్లు మళ్లీ మళ్లీ మారుస్తారు. ఇసుకతో కొట్టి అరగదీసే పద్ధతిలో ఆ ధూళి పీల్చి కార్మికుల ఊపిరితిత్తులు పాడయ్యాయి, టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. కాబట్టి ముదురు నీలం, మామూలుగా ఉన్న జీన్స్ తీసుకోండి. చిరుగులు, తెల్లటి మరకలు ఉన్నదానికి ఎక్కువ నీళ్లు, రసాయనాలు పడినట్టే. రోజూ వాడాల్సినదైతే 100 శాతం కాటన్ లేదా ఎలాస్టేన్ (సాగే దారం) 2 శాతం మించనిది చూడండి. సాగుడు ఎక్కువైతే మోకాళ్ల దగ్గర సంచులు పడతాయి. కొన్నాక ప్రతిసారీ ఉతకకండి, 8, 10 తొడుగులకు ఒకసారి తిప్పి చల్లటి నీళ్లలో ఉతికితే చాలు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

సైజు అక్షరాలను నమ్మకండి. మీకు బాగా సరిపోయే చొక్కాను నేల మీద పరిచి చంక నుంచి చంకకు, భుజం, పొడవు, చెయ్యి కొలిచి ఫోన్‌లో రాసుకోండి. వెబ్‌సైట్ ఇచ్చిన బట్ట కొలతతో పోల్చండి. వెనక్కి పంపిన పార్సిల్ మళ్లీ లారీ ఎక్కుతుంది, కొన్ని మళ్లీ అమ్మకానికే రావు. మూడు సైజులు తెప్పించి రెండు వెనక్కి పంపే అలవాటు మానాలి. నచ్చినదాన్ని కార్టులో వేసి 10 రోజులు వదిలేయండి. పండగ సేల్ అయిపోయాక కూడా కావాలనిపిస్తే కొనండి.

పెళ్లికి ఒక్కరోజు వేసుకునే షేర్వానీ, లెహంగా అద్దెకో, అక్కాచెల్లెళ్ల దగ్గరో తీసుకోవడం ఎప్పుడూ నామోషీ కాదు. అద్దె బట్టకు చంక కుట్లు, కింది అంచు, హుక్కులు చూసి, ఉన్న మరకలకు ఫోటో తీసి ఇచ్చినవాళ్లకు అప్పుడే చూపించండి.

కొన్నాక

మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. సబ్బు నురగ రాదు, సబ్బు మడ్డి గుడ్డలో పట్టి బట్ట బిరుసెక్కి నల్లబడుతుంది. అప్పుడు ఇంకా సబ్బు వేయడం తప్పు. సబ్బు బదులు డిటర్జెంట్ వాడి, నూలు బట్టలకు చివరి జాడింపులో బకెట్టుకు అర కప్పు తెల్ల వెనిగర్ కలపండి. తిప్పి నీడన ఆరవేయండి, మే నెల ఎండలో ఒక్క పగలు వదిలేస్తే నలుపు, నీలం బట్టలు వెలిసిపోతాయి. పట్టు చీరను ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, తెల్ల నూలు గుడ్డలో చుట్టి మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ దగ్గర విరుగుతుంది.

ఇక వేసుకోలేనివి. బాగున్నవి ఉతికి, గుండీలు కుట్టి, మనిషి చేతికే ఇవ్వండి. స్టీలు గిన్నెలకు పాత బట్టలు తీసుకునేవాళ్లు వీధిలోకి వస్తే అదీ ఒక దారే, ఆ బట్టలు పాత బట్టల బజారుకు చేరతాయి. మెత్తబడిన నూలు చీరలు మాత్రం ఇవ్వకండి, బొంతకు దాచుకోండి. ఒక బొంతకు నాలుగైదు చీరలు పడతాయి. పాలియెస్టర్ చీర కలిపితే లోపల జారుతుంది, చెమట పీల్చదు. గట్టిగా ఉన్న రెండింటిని పైకీ కిందికీ ఉంచి, పల్చబడినవి మధ్యలో పరిచి, నడుమ నుంచి బయటికి అంగుళం దూరంలో వరసకుట్టు వేసుకుంటూ రండి. అంచులు చివర్లోనే కుట్టాలి, ముందే కుట్టేస్తే మధ్య గుడ్డ ఉబ్బి ముడతలు నిలిచిపోతాయి.